అవ్వ స్కానూ, సింకులో పోసిన అయోడినూ

మొన్న సంక్రాంతి సెలవులకు మా ఊరు కనగానపల్లి పోయినప్పుడు అవ్వను సీటీ స్కాన్‌కు అనంతపురం తీసుకుపోయే డ్యూటీ నాకు పడింది. నాయన చెనిక్కాయలు అమ్మే పనిలో ఉన్నాడు. స్కానింగ్ సెంటర్‌లో టెక్నీషియన్ కిడ్నీ టెస్ట్ రిపోర్టు చూసి, "కాంట్రాస్ట్ ఎక్కిస్తామమ్మా, ఒళ్ళంతా వేడెక్కినట్టు అనిపిస్తుంది, భయపడొద్దు" అన్నాడు. బయటికి వచ్చాక అవ్వ మొదటి మాట, "కడుపులో పొయ్యి రాజేసినట్టయింది రా" అని. టెక్నీషియన్ మాత్రం మామూలుగా, "నీళ్ళు బాగా తాగించండి, రేపటికల్లా మందంతా ఒంటికి పోయేటప్పుడు బయటికి వచ్చేస్తుంది" అన్నాడు.

బస్టాండులో కూర్చున్నాక అవ్వ అడిగింది. "అంత దుడ్డు పోసి ఎక్కించుకున్న మందు రేపటికే పోతుందా? పోయి యాడికి పోతుంది రా?"

నేను సీఎస్ఈ రెండో సంవత్సరం. ప్రశ్న వస్తే గూగుల్ చెయ్యడం తప్ప వేరే విద్య రాదు. ఆ మందు సీసా మీద అయోహెక్సాల్ అని రాసి ఉండడం, ఒక మిల్లీలీటరులో 300 మిల్లీగ్రాముల అయోడిన్ అని ఉండడం మాత్రం గుర్తుంది. అవ్వకు ఎక్కించింది 100 మిల్లీలీటర్లు. అంటే 30 గ్రాముల అయోడిన్. సరే, 30 గ్రాములు ఎక్కువా తక్కువా? పెద్దవాళ్ళకు రోజుకు కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. ధర్మవరం బస్సులో ఫోన్ క్యాలిక్యులేటర్ తీసి భాగించాను. 2 లక్షల రోజులు. 547 ఏళ్ళు! అవ్వ ఐదు వందల ఏళ్ళకు పైగా తినాల్సిన అయోడిన్ ఒక్క పూటలో రక్తంలోకి పోయి, మరుసటి రోజుకు దాదాపు మొత్తం మార్పు లేకుండా బయటికి వచ్చేసింది. (ఇది విని భయపడకండి. ఆ అయోడిన్ మందు అణువులో గట్టిగా అతుక్కుని ఉంటుంది, ఒంటికి పట్టదు. అందుకే కిడ్నీలు దాన్ని ఉన్నది ఉన్నట్టు బయటికి తోసేస్తాయి.)

ఎక్స్-రేలను అడ్డుకోవాలంటే బరువైన పరమాణువు కావాలి. అయోడిన్ పరమాణు సంఖ్య 53. మన ఒంట్లో ఎక్కువగా ఉండే కార్బన్‌కు 6, ఆక్సిజన్‌కు 8. అందుకే అయోడిన్ ఉన్న రక్తనాళం స్కాన్‌లో తెల్లగా మెరుస్తుంది. ఒక బెంజీన్ రింగుకు మూడు అయోడిన్ పరమాణువులు తగిలించి, నీళ్ళలో బాగా కరగడానికి చుట్టూ వేరే గుంపులు కడితే వచ్చేదే అయోహెక్సాల్. దాని బరువులో సుమారు 46 శాతం అయోడినే. ప్రపంచంలో తవ్వి తీసే అయోడిన్‌లో అన్నిటికన్నా పెద్ద వాటా ఈ స్కాన్ మందులకే పోతుంది. మన ఫోన్ల ఎల్‌సీడీ స్క్రీన్లలోని పోలరైజర్ ఫిల్ములో అయోడిన్, గాయాలకు పూసే బీటాడిన్‌లో అయోడిన్, థైరాయిడ్ మాత్ర అణువులో నాలుగు అయోడిన్లు, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్‌లో రెండు.

ఇంత వాడుతున్న సరుకు మన దేశంలో తవ్వడానికి ఎక్కడా లేదు. దాదాపు అంతా దిగుమతే. చిలీలో అటకామా ఎడారిలో కలీచె అనే నైట్రేట్ రాయి నుంచి, జపాన్‌లో చిబా దగ్గర సహజవాయువుతో పాటు పైకి వచ్చే ఉప్పునీళ్ళ నుంచి తీస్తారు. ప్రపంచపు అయోడిన్‌లో ఎక్కువ భాగం ఈ రెండు దేశాలదే. ఈ మధ్య ఏళ్ళలో ధర కిలోకు 60 డాలర్ల పైనే నడుస్తోంది.

అవ్వ ప్రశ్నకు సగం జవాబు అప్పుడే దొరికింది, అది మోరీలోకి పోయింది. మిగతా సగం కోసం కాలేజీకి వచ్చాక మా ఫస్టియర్ కెమిస్ట్రీ మేడమ్‌ను అడిగాను. ఆమె నవ్వి, "హాస్పిటల్ సంగతి తర్వాత. పోయినేడు ల్యాబ్‌లో నువ్వెంత పోశావో లెక్కవెయ్యి" అన్నారు.

గుర్తుందా ఆ ప్రయోగం? బ్లీచింగ్ పౌడర్‌లో ఎంత క్లోరిన్ మిగిలి ఉందో కనుక్కోవడం. మా ఊళ్ళో పంచాయతీ వాళ్ళు నీళ్ళ ట్యాంకులో వేసేది ఇదే పౌడరు. ఫ్లాస్కులో దాని ద్రావణం తీసుకుని, పది శాతం పొటాషియం అయొడైడ్ పది మిల్లీలీటర్లు, కొంచెం అసిటిక్ ఆమ్లం పోస్తాం. క్లోరిన్ వల్ల అయొడైడ్ కాస్తా అయోడిన్ అయి రంగు తేలుతుంది. దానికి హైపో చుక్కలు చుక్కలుగా పోసి, చివర్లో స్టార్చ్ వేసి, నీలం పోగానే బ్యూరెట్ రీడింగ్ రాసుకుని, ఫ్లాస్కు సింకులో గుమ్మరించి, తర్వాతి ట్రయల్‌కు పోతాం. రంగు పోయింది కదా, పని అయిపోయింది అనుకుంటాం. కానీ పోయింది రంగే. అయోడిన్ మళ్ళీ అయొడైడ్‌గా మారి ఆ నీళ్ళలోనే ఉంటుంది, పోసింది పోసినట్టు.

పది మిల్లీలీటర్లలో ఒక గ్రాము పొటాషియం అయొడైడ్. అందులో అయోడిన్ 0.76 గ్రాములు. ఒక్కొక్కరం నాలుగు ట్రయల్స్. బ్యాచ్‌లో 30 మందిమి. 120 ఫ్లాస్కులు, 92 గ్రాములు. మూడు సీటీ స్కాన్ల అయోడిన్ ఒక్క మధ్యాహ్నం మా బ్యాచ్ ఒక్కటే సింకులో పోసింది!

ఇంకో లెక్క కూడా ఉంది, నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. ఫ్లాస్కు కడిగిన నీళ్ళతో కలిపి ఒక్కో ట్రయల్‌కు వంద మిల్లీలీటర్ల వేస్ట్ అనుకుందాం. లీటరుకు 7.6 గ్రాముల అయోడిన్, అంటే పది లక్షల్లో సుమారు 7,600 వంతులు. జపాన్‌లో భూమి లోంచి తోడే ఉప్పునీళ్ళలో ఉండేది పది లక్షల్లో సుమారు 100 వంతులే. వాళ్ళు గని అనుకునే దానికన్నా మా సింకు 76 రెట్లు చిక్కన.

నిజానికి అయోడిన్ మనిషికి మొదట దొరికిందే వేస్ట్‌లో. 1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ కుర్త్వా అనే ఆయన తుపాకీ మందుకు కావాల్సిన సూరేకారం పని చేసేవాడు. సముద్రపు నాచును కాల్చిన బూడిద నుంచి కావాల్సిన ఉప్పులు తీసుకున్నాక మిగిలిన మడ్డిలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కాస్త ఎక్కువ పోశాడు. ఊదారంగు ఆవిరి లేచి, చల్లటి చోట నల్లటి పలుకులుగా పేరుకుంది. గ్రీకులో ఊదారంగు అనే మాట నుంచే తర్వాత దానికి పేరు పెట్టారు. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో జరిగే రికవరీ చాలావరకు అదే కథ, కొంచెం బుద్ధిగా చేస్తారంతే.

వేస్ట్‌లో అయోడిన్ రెండు వేషాల్లో ఉంటుంది. ఒకటి మా సింకులో లాగా అయొడైడ్ ఉప్పుగా. మందుల ఫ్యాక్టరీల్లో మిథైల్ అయొడైడ్ లాంటి రసాయనాలు చాలా వాడతారు. అక్కడ అయోడిన్ పని చేరవేయడం వరకే. కార్బన్ గుంపును పక్క అణువుకు అప్పజెప్పి తాను అయొడైడ్‌గా తప్పుకుంటుంది. తయారైన మందులో అయోడిన్ ఒక్క పరమాణువు కూడా ఉండదు, కొన్నదంతా వేస్ట్ నీళ్ళలోనే. రెండో వేషం సేంద్రియ రూపం. అయోహెక్సాల్ లాగా బెంజీన్ రింగుకు అతుక్కుని ఉండేది. స్కాన్ మందు తయారీలో స్ఫటికాలు తీసేశాక మిగిలే ద్రవంలో, కడిగిన నీళ్ళలో, నాణ్యత పరీక్షలో తప్పిన సరుకులో ఇది ఉంటుంది. ఇది మనకు దూరం కథేమీ కాదు. 1990లో మొదలైన దివీస్ ల్యాబొరేటరీస్ చేసే సరుకుల్లో కాంట్రాస్ట్ మందులకు కావాల్సిన పదార్థాలు కూడా ఉన్నాయి. దాని ప్లాంట్లు తెలంగాణలో చౌటుప్పల్ దగ్గర, ఆంధ్రలో భీమునిపట్నం దగ్గర ఉన్నాయి.

సేంద్రియ అయోడిన్‌ను ముందు రింగు నుంచి విడగొట్టాలి. కార్బన్‌కూ హాలోజన్లకూ మధ్య ఉండే బంధాల్లో అయోడిన్‌తో ఉండేదే బలహీనమైంది, అది మన అదృష్టం. కాస్టిక్ సోడాలో, కావాలంటే కాస్త రాగి లవణం తోడువేసి, బాగా వేడి చేస్తే అయొడైడ్‌గా ఊడి వస్తుంది. సాల్వెంట్లు, తారు లాంటి చెత్త ఎక్కువ కలిసి ఉంటే నేరుగా కాల్చేసి, ఆ పొగను క్షార ద్రావణంలో కడిగి అయోడిన్‌ను పట్టుకుంటారు.

ఎట్లా వచ్చినా చివరికి చేతిలో ఉండేది అయొడైడ్ ద్రావణం. దీన్ని ఆమ్లీకరించి, క్లోరిన్‌తోనో హైడ్రోజన్ పెరాక్సైడ్‌తోనో ఆక్సీకరణం చేస్తే అయోడిన్ బయటపడుతుంది. ఇక్కడ ప్రకృతి మనవైపు ఉంది. అయొడైడ్ నీళ్ళలో ఎంతైనా కరుగుతుంది కానీ, అయోడిన్ లీటరుకు 0.3 గ్రాములే కరుగుతుంది. అందుకే చిక్కటి ద్రావణమైతే నల్లగా కిందికి దిగిపోతుంది, వడకట్టుకోవచ్చు. పలచటిదైతే ఒక గోపురంలో పైనుంచి ద్రవం జారవిడిచి కిందినుంచి గాలి ఊదుతారు. అయోడిన్ ఆవిరై గాలితో పోతుంది, దాన్ని ఇంకో గోపురంలో సల్ఫర్ డయాక్సైడ్‌తో మళ్ళీ అయొడైడ్‌గా పట్టుకుంటారు. ఈసారి చాలా చిక్కగా ఉంటుంది కాబట్టి మళ్ళీ ఆక్సీకరణం చేస్తే పలుకులు దిగుతాయి. జపాన్‌లో ఉప్పునీళ్ళ నుంచి తీసే పద్ధతి కూడా ఇదే. అక్కడ అయోడిన్ అమ్మే కంపెనీలే కస్టమర్లు వాడేసిన ద్రవాన్ని తిరిగి తీసుకుని శుద్ధి చేస్తాయి.

చిక్కు ఎక్కడంటే, ఆక్సీకరణం ఎక్కడ ఆపాలన్నది. క్లోరిన్ తక్కువైతే పుట్టిన అయోడిన్ మిగిలిన అయొడైడ్‌తో జతకట్టి ట్రైఅయొడైడ్‌గా కరిగే ఉంటుంది, నీళ్ళు కాఫీ రంగులో కనిపిస్తాయి తప్ప పలుకు దిగదు. ఎక్కువైతే అయోడిన్ కాస్తా అయోడేట్ అయిపోయి మళ్ళీ నీళ్ళలోకి మాయం. మధ్యలో సన్నటి కిటికీ. అందుకే ప్లాంటుల్లో ద్రావణం ఆక్సీకరణ పొటెన్షియల్ కొలిచే ఓఆర్‌పీ ప్రోబ్ పెట్టి, రీడింగ్ ఒక విలువ దాటగానే క్లోరిన్ వాల్వ్ మూసేస్తారు. ఇది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక వైల్ లూప్, ఒక బ్రేక్ కండిషన్. కెమిస్ట్రీలో నాకు అర్థమయ్యే వాక్యం దొరికింది!

ఫిబ్రవరిలో జూనియర్ల ల్యాబ్ ఉన్నరోజు మేడమ్ అనుమతితో నేనూ, మెకానికల్ చదివే నా రూమ్మేటూ సింకు పక్కన ఒక ప్లాస్టిక్ క్యాన్ పెట్టి నిలబడ్డాం. పన్నెండు లీటర్లు రావాలి. ఐదే వచ్చాయి. సగం మందికి పైగా మేము చూస్తుండగానే అలవాటు కొద్దీ సింకులోనే పోసేశారు. ఒకమ్మాయి అయితే క్యాన్‌లో పోసి, "సారీ అన్నా, పొరపాటున ఇందులో పోశాను" అంది.

ఐదు లీటర్లలో లెక్క ప్రకారం 38 గ్రాములు ఉండాలి. ఫ్యూమ్ హుడ్‌లో, మేడమ్ పక్కనే ఉండగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం, తర్వాత పెరాక్సైడ్ కొంచెం కొంచెంగా పోశాం. క్లోరిన్ మా చేతికివ్వరు, అది న్యాయమే. మొదటి చుక్కకే క్యాన్ మొత్తం ఇంకు సీసా అయిపోయింది. స్టార్చ్ సంగతి మరిచిపోయాం మరి. నల్లటి నీళ్ళలో నల్లటి పలుకులు ఎక్కడ దిగుతున్నాయో కనపడదు. ఒక రాత్రి వదిలేస్తే అడుగున బొగ్గుపొడి లాంటిది చేరింది. వడకట్టడానికి రెండు గంటలు పట్టింది, ఫిల్టర్ పేపర్లు మూడు చినిగాయి. ఆ మడ్డిని బీకరులో వేసి, పైన ఐసు ముక్కలున్న గిన్నె మూత పెట్టి, మెల్లగా వేడి చేశాం. ఊదారంగు పొగ లేచింది. కుర్త్వా చూసింది ఇదే కదా అనుకున్నా. గిన్నె అడుగున నల్లగా, మెరుస్తూ, పళ్ళ దువ్వెన లాంటి స్ఫటికాలు. గీకి తూస్తే 21 గ్రాములు.

55 శాతం. మిగతా 17 గ్రాములు ఏమయ్యాయో కూర్చుని డీబగ్ చేశాం. ఐదు లీటర్లలో మామూలుగా కరిగి ఉండిపోయేది గ్రామున్నర. స్టార్చ్ కొంత పట్టుకుంది. ఫిల్టర్ పేపర్లకు, మా గ్లోవులకు అంటుకుంది కొంత. పెద్ద దొంగ మాత్రం ట్రైఅయొడైడే అని మేడమ్ అనుమానం, పెరాక్సైడ్ భయపడి త్వరగా ఆపేశాం. (దయచేసి దీన్ని హాస్టల్ రూములో చెయ్యొద్దు. ఆ ఆవిరి కళ్ళకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. స్టీలు సామాన్లను కూడా తినేస్తుంది.)

21 గ్రాములకు ఇంత రాద్ధాంతమా అని రూమ్మేట్ అడిగాడు. డబ్బు లెక్కలో నూరో నూటేభయ్యో, అంతే. కానీ అయోడిన్‌ను ఉప్పు లెక్కలో చూడాలి. ఇక్కడ ఒక తెలుగాయన పేరు చెప్పాలి. ఉలిమిరి రామలింగస్వామి, 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు. తర్వాత ఎయిమ్స్ డైరెక్టరు, ఐసీఎంఆర్ అధిపతి. 1956లో హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఈయన బృందం ఊళ్ళను భాగాలు చేసి, కొన్నిటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ళ తరబడి చూసింది. అయోడిన్ ఉప్పు తిన్న చోట గొంతువాపు స్పష్టంగా తగ్గింది, మామూలు ఉప్పు చోట తగ్గలేదు. మనవాళ్ళు ఏ-బీ టెస్టింగ్ అంటూ గొప్పగా చెప్పుకునేది అదే. 1962లో మొదలైన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమానికి ఈ పనే దారి చూపింది. తల్లికి అయోడిన్ చాలకపోతే కడుపులో బిడ్డ మెదడు ఎదగదు కాబట్టి ఇది గొంతు వాపుతో ఆగే వ్యవహారం కాదు.

ఉప్పులో పది లక్షల వంతులకు 30 వంతుల అయోడిన్ కలుపుతారనుకుందాం. అంటే అవ్వ స్కాన్‌లో పోయిన 30 గ్రాములు ఒక టన్ను ఉప్పుకు సరిపోతాయి. మనిషికి రోజుకు పది గ్రాముల ఉప్పు అనుకుంటే, 270 మందికి పైగా ఏడాది పొడుగునా. మా వీధి మొత్తం ఎంచినా అంతమంది ఉండరు. (వేస్ట్ నుంచి తీసిందాన్ని నేరుగా ఉప్పులో కలుపుతారని కాదు. స్కాన్ మందుకు అది వాడితే గని నుంచి వచ్చేది ఆ మేరకు ఉప్పుకు మిగులుతుంది.)

మరి ఆసుపత్రి సంగతి? స్కాన్ తర్వాత ఒక రోజులో మనిషి రెండు లీటర్లు పోస్తే, అందులో లీటరుకు 15 గ్రాముల అయోడిన్. మా ల్యాబ్ వేస్ట్ కన్నా రెట్టింపు చిక్కన. కానీ ఫ్లష్ నొక్కిన మరుక్షణం ఊరి మురుగులో కలిసి లక్షల రెట్లు పలచబడిపోతుంది. ఇక దాన్ని ఎవరూ వెనక్కి తీయలేరు. బ్యాకప్ లేకుండా డిలీట్ చేసిన ఫైలే. అయోడిన్ ఎక్కడికీ పోదు, పలచబడుతుంది, అంతే. రీసైక్లింగ్‌లో అసలు శత్రువు అదే. పైగా ఈ స్కాన్ మందులు మామూలు మురుగు శుద్ధిలో సరిగా విరగవు. వాటిలో అయోపమిడాల్ లాంటిది నీళ్ళను క్లోరిన్‌తో శుద్ధి చేసేటప్పుడు అయోడిన్ కలిసిన ఉప ఉత్పన్నాలుగా మారవచ్చని, అవి మామూలు క్లోరిన్ ఉత్పన్నాల కన్నా కణాలకు ఎక్కువ హాని చేస్తాయని పరిశోధనలు ఉన్నాయి. అందుకే జర్మనీలో కొన్నిచోట్ల స్కాన్ చేయించుకున్న వాళ్ళకు మూత్రం పట్టే సంచులు ఇచ్చి చూశారు. జీఈ హెల్త్‌కేర్ అయితే సీసాల్లో వాడకుండా మిగిలిపోయిన కాంట్రాస్ట్‌ను ఐరోపా ఆసుపత్రుల నుంచి వెనక్కి తీసుకుని అందులోంచి అయోడిన్ తీస్తోంది. అవ్వ స్కాన్ రోజు ఆ సీసాల్లో అడుగున మిగిలినవి ఒక బకెట్లో పడి ఉండడం నేను చూశాను. మన రోగులకు సంచులిచ్చి పంపడం అవుతుందా అంటే నాకు నమ్మకం లేదు, బస్సులో ఆ సంచి పట్టుకుని మా అవ్వ కూర్చోదు. సీసా అడుగున మిగిలింది ఒక డ్రమ్ములో పోయడం మాత్రం ఎవరైనా చెయ్యొచ్చు.

ఫ్యాక్టరీ వేస్ట్‌కు ఇంకో మెలిక ఉంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం ఒకరి వేస్ట్‌ను ఇంకొకరు ముడిసరుకుగా వాడాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. అడ్డంకిగా అనిపించినా, రికవరీ పేరు చెప్పి రాత్రిపూట ట్యాంకర్లు చెరువుల్లో ఖాళీ అవకుండా ఉండాలంటే అది అవసరమే అనుకుంటా. పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువుల చరిత్ర చదివితే ఎందుకో తెలుస్తుంది.

ఉగాదికి ఇంటికి పోయినప్పుడు అవ్వకు ఉప్పు లెక్క చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "టన్ను ఉప్పా?" అని రెండుసార్లు అడిగి, "ముందే చెప్పింటే ఒక చెంబు పెట్టుకునేదాన్ని కదరా" అంది. రిపోర్టు మంచిగానే వచ్చింది, అందుకే ఆ జోకులు.

మా 21 గ్రాములు ఇప్పుడు ల్యాబ్ అలమారాలో గోధుమరంగు సీసాలో ఉన్నాయి. వచ్చే బ్యాచ్‌కు అయోడిన్ ద్రావణం దాంతోనే చేస్తామన్నారు మేడమ్. సింకు పక్కన రెండు క్యాన్లు శాశ్వతంగా వచ్చాయి, స్టార్చ్ పడినవి ఒకదాంట్లో, పడనివి ఒకదాంట్లో. వాటికి మూత మీద ఇంగ్లీషులో రాసిన బోర్డు ఎవరూ చదవట్లేదని తెలుగులో నేనే రాశాను. ఈసారి పెరాక్సైడ్ ఎక్కడ ఆపాలో చెప్పడానికి ఆర్డుయినో బోర్డు కొన్నాం, కోడ్ కూడా అయిపోయింది. ఓఆర్‌పీ ప్రోబ్ ఆర్డర్ పెట్టి మూడు వారాలైంది, ఇంకా రాలేదు.